ఒక్క గడీ ఖాళీ లేదు

పడవ ఆగింది గానీ రేవు మెట్టు అందలేదు. పడవ నడిపేవాడు చివరి మెట్టు కింద ఒక చెక్కపెట్టె వేలాడదీశాడు. దాని మీద కాలు పెట్టి, అతని చెయ్యి పట్టుకుని ఆమె పైకెక్కింది.

"ఈమధ్య సముద్రానికి బద్ధకం ఎక్కువైంది మేడమ్, పైకి రానంటోంది" అన్నాడతను.

ఆటు సమయం కదా అనుకుందామె. నవ్వలేదు.

అగ్నిపర్వతం ఒళ్లు విరుచుకుంటే ముందుగా కనిపెట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. రెండు నెలల కిందట భూమి వరసగా అదిరినప్పుడు ఈ రేవు ఊరిని ఖాళీ చేయించింది ఆమే. అప్పటినుంచి మూడు వందల కుటుంబాలు దూరంగా ఒక బడిలో తలదాచుకుంటున్నాయి. వాళ్లలో ఆమె చెల్లెలు, చెల్లెలి నెలల పిల్ల కూడా ఉన్నారు.

మొదట్లో ప్రతి అదురుకూ గుండె ఝల్లుమనేది. భయపడీ భయపడీ ఇప్పుడు అదీ అరిగిపోయింది. తిన్నది ఏమిటో గుర్తుండదు. ఎవరైనా తిడితే కోపం రాదు. కళ్లు చూస్తాయి, చెవులు వింటాయి, అంతే.

మూడు వారాలుగా అదుర్లు లేవు. ఇక తేలాల్సింది ఒక్కటే, నేల లేస్తోందా లేదా అని.

దానికి ఆధారం రేవులో స్తంభానికి బిగించిన బోర్డు. అంకెలు వేసిన పొడవాటి పలక. నీళ్లు ఏ అంకె దగ్గరున్నాయో చూసి రాయాలి. సముద్రం నిజంగా తగ్గితే దూరాన ఉన్న రెండో రేవులోనూ తగ్గుతుంది. ఇక్కడొక్కచోటే తగ్గితే, తగ్గింది సముద్రం కాదు, లేచింది నేల. కొండ కడుపులో ఏదో పొంగుతోందన్నమాట.

కొలిచే యంత్రం మూలపడి చాన్నాళ్లయింది. రోజుకు నాలుగుసార్లు అంకె రాసే పెద్దాయనే దిక్కు. అందరూ ఆయన్ను బోర్డు బాబాయ్ అంటారు. ఊరు ఊరంతా వెళ్లినా ఆయన కదల్లేదు.

అదుర్లు మొదలైన వారంలో ఆయన రిజిస్టరులో రెండు గళ్లు ఖాళీగా కనిపించాయి. ఇంతమంది ప్రాణాలు దీని మీద ఆధారపడి ఉంటే ఈ నిర్లక్ష్యం ఏమిటని ఆమె ఘాటుగా ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఒక్క గడీ ఖాళీ లేదు. తిడితేనే పనులవుతాయని అప్పట్లో కాస్త గర్వపడింది కూడా.

బాబాయ్ రేవు చివరిదాకా ఎదురొచ్చాడు. ఉతికిన చొక్కా, జేబులోంచి తొంగిచూస్తున్న పానా. గదిలోకి తీసుకెళ్లి, బల్ల తుడిచి, రిజిస్టరు తెరిచి పెట్టాడు.

ఆమె రెండో రేవు అంకెలు పక్కన పెట్టుకుని తీసివేతలు చేసింది. రెండు నెలల్లో తేడా ఎక్కడా వేలి మందం దాటలేదు.

కిటికీలోంచి స్తంభం కనిపిస్తోంది. దానికి అంటుకున్న గుల్లలు, నీళ్లకు చాలా ఎత్తున, ఎండి తెల్లబడి ఉన్నాయి. ఆమె వాటిని చూసింది. మళ్లీ కాగితం మీదికి వంగింది.

ఊళ్లోకి తిరిగి రావచ్చని రాసి సంతకం పెట్టింది. ఫొటో తీసి ఆఫీసుకు పంపింది. కాసేపటికే చెల్లెలి ఫోన్.

"అక్కా, ఇక్కడ పిల్లకి జ్వరం తగ్గట్లేదు. బస్సులు వచ్చేశాయంటున్నారు. ఇంటికెళ్లిపోవచ్చా?"

"వెళ్లండి."

"నిజంగానా? నువ్వు చెప్తేనే ఎక్కుతా."

"నేల కదలట్లేదే. ఎక్కు."

అటునుంచి జనం గోల, బస్సు హారన్ వినిపించాయి. ఆమెకు సంతోషం రావాలి. రాలేదు. కొద్దిగా నిద్ర మాత్రం వచ్చింది.

బాబాయ్ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చాడు. ఈయనకు ఒక మంచిమాట బాకీ ఉన్నానని ఆమెకు గుర్తొచ్చింది.

"రెండు నెలలు ఒక్క గడి కూడా వదల్లేదు మీరు. ఆ ఉత్తరం మనసులో పెట్టుకోకండి బాబాయ్."

ఆయన సిగ్గుపడ్డాడు. జేబులోని పానా తడుముకున్నాడు.

"తప్పు నాదే కదమ్మా, మీరు తిట్టాకే బుద్ధొచ్చింది" అన్నాడు. "అప్పట్నుంచి నీళ్లు బోర్డు అడుగు దాటి పోకుండా, ప్రతి సోమవారం అవి ఎంత దిగితే బోర్డునూ అంత కిందికి దించి బిగిస్తున్నా."