బల్ల కింద

ముసలామె వేలు జాషువా నోట్లో ఉంది.

సలోమి టీ గిన్నె పొయ్యి మీదే వదిలేసి, ఒక్క ఉదుటున వచ్చి ఆ చెయ్యి విదిలించి కొట్టింది.

"నోట్లో సిగరెట్ పీక పెట్టుకున్నాడమ్మా," అంటూ ముసలామె అరచెయ్యి చాపింది.

సలోమి ఆ చేతివంక చూడలేదు. కొడుకుని చంకనేసుకుని మూతి తుడిచింది.

కొల్లేటి గట్టున ఈ టీ కొట్టు అద్దెకు తీసుకుని నెల కాలేదు. అప్పట్నుంచీ ఈమె పొద్దున్నే దిగుతుంది. టీ తాగదు. చేపల లారీ డ్రైవర్లు పారేసిన సిగరెట్ పీకలు బల్లల కింద దూరి ఏరుకుంటుంది. మధ్యమధ్య పిల్లాడివంక గుడ్లప్పగించి చూస్తుంది. ఆ చూపుకి జడిసే సలోమి రోజూ వాడి అరికాలికి కాటుక చుక్క పెట్టేది.

"మామ్మగారు చుట్ట మాని సిగరెట్లకి దిగారండీ," అన్నాడో డ్రైవరు.

బల్ల మీదున్నవాళ్లంతా నవ్వారు. సలోమీ నవ్వింది.

"పాకే పిల్లాడమ్మా. ఇవి ఎప్పటికప్పుడు ఏరెయ్యాలి," అంది ముసలామె.

"మా నాన్న చుట్ట పీకలు పెరడంతా పారేసేవాడు. వానకి మట్టిలో కలిసిపోయేవి. ఈ సిగరెట్ పీకలోదీ దూదే కదా, కరిగిపోద్ది. మా వాడికి మీ కళ్లు తగలకుండా ఉంటే చాలు," అంది సలోమి.

గ్లాసులు కడిగిన బకెట్టెత్తి ఆ ఎంగిలినీళ్లు ఆమె నెత్తిన కుమ్మరించింది.

ముసలామె మొహం తుడుచుకుంది. పీకలు మూటగట్టిన కొంగు గట్టిగా పట్టుకుని గట్టు దిగిపోయింది. మరి రాలేదు.

బల్లల కింద పీకలు పేరుకున్నాయి. వానకి తడిశాయి, చెప్పుల కింద నలిగాయి, పీచు తేలాయి. కరగలేదు. దిష్టి బెడద వదిలిందని సలోమి పిల్లాణ్ణి హాయిగా కింద వదిలేసేది.

లారీలు బారులు తీరిన ఒక పొద్దున జాషువా ఏడుపు ఉన్నట్టుండి ఆగిపోయింది. బుద్ధిగా ఆడుకుంటున్నాడనుకుని, ఆమె ఇంకో గిన్నె టీ పెట్టింది.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు పిల్లాడి గొంతులోంచి తీసినదాన్ని ట్రేలో పెట్టాడు.

"దూదే కదండీ, నానిపోదాండీ?" అంది సలోమి.

"దూది కాదమ్మా, ప్లాస్టిక్ పీచు. ఏళ్ల తరబడి వానకే కరగదు. గొంతులో కరుగుతుందా?"

సమాధుల తోట నుంచి తిరిగొచ్చాక కొట్టు యజమాని గంగాధరరావు పలకరించడానికి వచ్చాడు. వంగి బల్లల కింద చూశాడు.

"సూరమ్మ రావట్లేదా?"

"ఏ సూరమ్మండీ?"

"పొద్దున్నే వచ్చి పీకలు ఏరుతుందే, ఆవిడ. నీకంటే ముందు ఈ కొట్టు నడిపింది. కిందటేడు ఆవిడ మనవడు పోయింది కూడా ఈ బల్ల కిందేనమ్మా."