పైపు పట్టని తోటమాలి

"నెలలో నాలుగంటే నాలుగు రోజులు పైపు పట్టుకున్నావు. సీసీ కెమెరాలో అంతా ఉంది!"

మాదాపూర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ సెక్రటరీ రాకేశ్, తోటమాలి సత్తెమ్మ మొహం ముందు ఫోన్ పెట్టాడు.

"గవి తంగేడు చెట్లు సారూ. గుట్టల మీద వాటికి నీళ్లు ఎవలు పోస్తరు? రోజూ పోస్తే వేరు మురుగుతది."

"మరి కలబందకి? బిళ్లగన్నేరుకి?"

"ఏసీ పైపుల నీళ్లు కారుతున్నయి గద. కాల్వ తీసి వాటికే మళ్లించిన."

"ఎండుటాకులు కూడా ఊడవడం లేదు. మొక్కల మొదట్లో చెత్తంతా అలాగే ఉంది!"

"చెత్త కాదు, నేనే పరిచిన. తడి ఆరకుంట ఉంటదని..."

"కూర్చుని జీతం తినడానికి ఎన్ని కథలు!"

ఎనిమిదేళ్ల కష్టానికి దక్కిన బిరుదు అది. అసలు ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! ఒక్కనాడైనా వెనక యార్డులో కాలు పెట్టాడా ఆ మహానుభావుడు? సెల్లార్లో కారెక్కడం, ఆఫీసుకు పోవడం. యార్డును చూసిందంతా ఫోన్లోనే. అందులో పూలెక్కడ కనపడతాయి?

"జర ఒక్క ఎండకాలం చూడు సారూ. గీ పని తప్ప నాకేం రాదు. యాడికి పోవాలె?"

"రేపట్నుంచి రాకు."

కొత్త మాలి వచ్చాడు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పైపు పట్టాడు. రాకేశ్ ఫోన్లో చూసి మురిసిపోయాడు.

నెల తిరక్కుండానే తంగేడు ఆకులు పండి రాలిపోయాయి. కలబంద కుళ్లింది. నీళ్ల ట్యాంకర్లు రెట్టింపయ్యాయి.

ఫ్లాట్లవాళ్లు గోల పెడితే, తక్కువ నీళ్లతో అందమైన యార్డులు వేస్తుందని పేరున్న ప్రియదర్శినిని పిలిపించారు. ఆమె నాలుగు మొక్కల వేళ్లు తవ్వి చూసింది.

"వీటికి రోజూ నీళ్లు పెట్టిందెవరండీ?"

"కొత్త మాలి మేడం. చాలా సిన్సియర్! పాతావిడ సత్తెమ్మ అని, ఒట్టి బద్ధకం. తీసేశాం."

ప్రియదర్శిని చప్పున తలెత్తింది.

"ఇప్పుడెక్కడున్నారావిడ?"

"ఎవరికి తెలుసు? ఊరెళ్లిపోయుంటుంది."

రాకేశ్ ఆమె తెచ్చిన ఆల్బమ్ తిరగేస్తూ ఒక ఫోటో దగ్గర ఆగిపోయాడు. విరగబూసిన తంగేడు, రాళ్ల మధ్య బిళ్లగన్నేరు.

"అబ్బ! మాకు అచ్చం ఇలాంటిదే కావాలి మేడం. ఎక్కడిదిది? ఎవరు వేశారు?"

ప్రియదర్శిని అతని చేతిలోంచి ఆల్బమ్ లాక్కుంది.

"మీ యార్డే సార్ ఇది, పోయినేడు ప్రహరీ బయట నిలబడి తీసుకున్నాను, వేసింది నాకు ఈ పని నేర్పిన మా గురువుగారు, సత్తెమ్మ గారు."