లారీ ఎక్కడ ఆగింది?

“ఆ లారీ తలుపు తీస్తే మందంతా పాడైపోతుందండీ,” అంది లోడింగక్క.

బోర్డు మీద బాణం గుర్తులు గీస్తున్న టైబాబు చెయ్యి ఆగిపోయింది. ఇంటర్వ్యూ మొదలైనప్పటి నుంచి ఆమె తనంతట తాను నోరు విప్పడం అదే మొదటిసారి.

మందుల కంపెనీకి ఉన్న తొమ్మిది గోదాములకూ కలిపి ఒకే ఒక్క మేనేజరు ఉద్యోగం అది. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారు. ఒకరు హెడ్డాఫీసులో కూర్చుని ఏ సరుకు ఎప్పుడు ఎటు వెళ్లాలో ప్లాన్లు వేసే ఆయన. ఎప్పుడూ మెడలో టై కట్టుకుని తిరిగే ఆయన్ని గోదాము వాళ్లు వెనకాల టైబాబు అంటారు. రెండోది, గోదాములో లారీలకు సరుకెక్కించే పని చూసే ఆమె. డ్రైవర్ల నుంచి హమాలీల దాకా అందరికీ ఆమె లోడింగక్కే.

డైరెక్టరమ్మ ఇద్దరికీ ఒకే ప్రశ్న ఇచ్చింది. ఆరు ఆసుపత్రులకు ఇన్సులిన్ తీసుకెళ్తున్న లారీలో చల్లదనం మిషను దారిలో చెడిపోయింది. ఇంజను బాగానే ఉన్నా, ఏం చేయాలో తెలియక డ్రైవరు లారీని పక్కకు ఆపాడు. తలుపు మూసే ఉంచితే మందు ఇంకో మూడు గంటలు నిలుస్తుంది. చివరి ఆసుపత్రి ఐదు గంటల దూరంలో ఉంది. ఏం చేస్తారు?

ఇంకో ఏసీ లారీ పంపుతానన్నాడు టైబాబు. రెండు గంటల్లో అది అక్కడికి చేరుతుంది. గంటలో పెట్టెలు ఇందులోంచి అందులోకి మార్చేస్తారు. మూడు గంటలూ అచ్చంగా సరిపోయాయని బోర్డు మీద గీత కూడా కొట్టాడు. ఎర్రటెండలో గంటసేపు తలుపులు బార్లా తీసి పెడితే ఆ చల్లదనం ఎక్కడ మిగులుతుందన్నదే లోడింగక్క అభ్యంతరం.

“అక్కా, ఇది మీ గోదాము కాదు. పేపరు మీద లెక్క,” అని నవ్వాడు టైబాబు.

డైరెక్టరమ్మ పక్కన కూర్చున్న ఆఫీసరు కూడా నవ్వాడు. లోడింగక్కకు చెవులు వేడెక్కాయి. ఒళ్లో ఉన్న ఫైలు అంచును గోటితో గీకుతూ, లారీ ఎక్కడ ఆగిందో చెప్పమని అడిగింది. ఎక్కడైతే ఏమిటి, ఊహించుకోమన్నాడు ఆఫీసరు. డైరెక్టరమ్మ మాత్రం ఒక్క క్షణం ఆగి, రాళ్ల క్వారీ దాటాక వచ్చే టోల్‌గేటు దగ్గర అనుకోమంది.

అయితే తేలికే అంది లోడింగక్క. అప్పటిదాకా ఉన్న బెరుకు ఎటు పోయిందో, ప్లాట్‌ఫారం మీద నిలబడి హమాలీలకు పని పురమాయిస్తున్నట్టే చెప్పుకుపోయింది. టోల్‌గేటుకు ఇరవై నిమిషాల దూరంలో గులాబీలు నిల్వ చేసే గోదాము ఉంది. ఇన్సులిన్‌కు ఎంత చల్లదనం కావాలో గులాబీలకూ దాదాపు అంతే. ఐస్‌క్రీం గోదాము ఇంకా దగ్గరే గానీ, అక్కడ పెడితే మందు గడ్డకట్టి ఎందుకూ పనికిరాదు. లారీని తిన్నగా పూల గోదాముకు పోనిచ్చి, వెనక భాగాన్ని చల్లగది గుమ్మానికి ఆనించి, అప్పుడు మాత్రమే తలుపు తీయాలి. పెట్టెలు తిన్నగా చల్లటి గదిలోకే దిగుతాయి.

“అక్కణ్ణించి మందే ఆసుపత్రికి వెళ్లాలని ఏముందండీ? ఐసు పెట్టెలు వాళ్ల దగ్గరా ఉంటాయి, అంబులెన్సులూ ఉంటాయి. వాళ్లనే వచ్చి తీసుకెళ్లమందాం.”

“ఇన్సులిన్‌తో పాటు రోగికి తలా ఒక గులాబీ ఇద్దామా?” అన్నాడు టైబాబు.

“ఇద్దాం సార్. ముందు రోగి బతికుండాలిగా.”

ఈసారి ఆఫీసరు నవ్వలేదు. అసలు అలాంటి గోదాము ఉందో, ఇప్పటికిప్పుడు అల్లి చెబుతోందో ఎలా నమ్మాలన్నాడు. ఉన్నా, అడగ్గానే చోటిస్తారన్న నమ్మకం ఏమిటన్నాడు. పోయిన నెల వాళ్ల చల్లగది చెడిపోతే, మన గోదాములో ఖాళీగా ఉన్న గదిలో ఒక పూట వాళ్ల పూలు పెట్టుకోనిచ్చానని ఆమె చెప్పేసింది.

“ఎవరి అనుమతితో?”

“అడిగేంత టైము లేదండీ. వాడిపోతాయి కదా.”

ఆఫీసరు తన కాగితం మీద ఏదో రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. నోరు జారానని ఆమెకు అప్పుడు తెలిసింది. అంత నిజమే అయితే ఆ పూలాయన ఫోను నంబరు చెప్పమంది డైరెక్టరమ్మ. ఆమె తడుముకోకుండా చెప్పింది. డైరెక్టరమ్మ అది రాసుకుని బయటికి వెళ్లిపోయింది, మళ్లీ గదిలోకి రాలేదు. ఇంటర్వ్యూ అయిపోయింది, ఇక వెళ్లొచ్చని ఆఫీసరే చెప్పాడు. టైబాబుతో మాత్రం కరచాలనం చేశాడు.

బస్సులో తన గోదాముకు తిరిగొచ్చేసరికి గంట పట్టింది. హమాలీ పెద్దాయన మంచినీళ్ల సీసా అందిస్తూ ఏమైంది తల్లీ అని అడిగాడు. బాగానే మాట్లాడాను బాబాయ్, కాస్త ఎక్కువే మాట్లాడాను అంది. నిలబడి ఉన్న లారీ వైపు నడిచి, ఏ ఊరి పెట్టెలు లోపలికి వెళ్లాలో, ఏవి తలుపు దగ్గర ఉండాలో చూపించడం మొదలుపెట్టింది. ఈ పని ఎవరూ లాక్కోలేరులే అనుకుంది. అంతలోనే పూలు దాచిన సంగతి గుర్తొచ్చి, ఇదైనా ఉంటుందా అనిపించింది.

ఫోను మోగింది. పూల గోదాము యజమాని.

“అక్కా, టోల్‌గేటు దగ్గర ఆగిన మీ లారీ వచ్చింది, ఇన్సులిన్ పెట్టెలన్నీ చల్లగదిలో పెట్టించాను. మొదటి అంబులెన్సు కూడా వచ్చేసింది గానీ, తొమ్మిది గోదాముల కొత్త మేనేజరు మీరేనట, మీరు ఊఁ అంటేనే ఇవ్వమని మీ డైరెక్టరమ్మ చెప్పారు, ఇచ్చెయ్యమంటారా?”