మాడిన తాలింపు

తెల్లవారేసరికి ఆకాశంలో మబ్బు ముక్క లేదు. కోటిలింగం అరుగు మీద కూర్చుని ఫోన్ తెరిచాడు. కాలువ నీళ్ల వంతు పేకాటలో తేలడం మొదలై మూడేళ్లయింది. పట్టా ఉన్నవాళ్లంతా పొద్దున్నే ఫోన్‌లో ఆడాలి; మొగుడూ పెళ్లాలైనా ఎవరి పట్టాకి వాళ్లే. ముక్కలు చూడకముందే అరగంట నీళ్లు పందెంలో పెట్టాలి. చేతిలో రెండు ముక్కలు, నడుమ అందరికీ ఉమ్మడిగా అయిదు. ఎదుటివాళ్ల పేర్లు కనబడవు, నంబర్లే. గెలిచిన నీళ్లను తూము గెలిచినవాళ్ల చేలోకే వదులుతుంది.

"నీ ఆటయిందా?" అని వంటింట్లో ఉన్న భార్యను అడిగాడు.

"నడుస్తానే ఉంది. మిరప నారు ఇయ్యాల తడవకపోతే పోయినట్టే," అంది శేషారత్నం.

"నా పత్తీ అంతే."

"చెప్పొచ్చావులే. నిన్ననేగా పారిచ్చావు."

చివరి ముక్క పడింది. అతనికి జత కూడా కుదరలేదు. మిగతావాళ్లు తప్పుకోగా నాలుగో నంబరు ఒక్కటే మిగిలింది. బెదరగొడదామని తనకున్న ఆరు గంటల నీళ్లూ పందెంలోకి తోసేశాడు.

నాలుగో నంబరుకి అరనిమిషం గడువు. అంకెలు తగ్గుతుంటే తాలింపు మాడిన వాసన వచ్చింది. పదిహేనేళ్ల కాపురంలో ఆమె ఏనాడూ తాలింపు మాడ్చలేదు. ఒకే ఇంటివాళ్లను ఒకే బల్లకి వెయ్యరని అందరూ అనుకునేవారు. తోసిన పందెం వెనక్కి తీసుకునే మీట కోసం వెతికాడు. లేదు.

నాలుగో నంబరు ముక్కలు పడేసింది.

"రెండు జతలుండీ భయపడి వదిలేశా," అంది ఆమె కంచాలు తెస్తూ. "ఎవడో ఆరు గంటలూ తోశాడు. నీ సంగతేంది?"

"గెలిచా."

"ఏం ముక్కలు పడ్డయ్?"

అతను ఫోన్ బోర్లించి కంచం ముందుకు లాక్కున్నాడు. ఆమె అతని మొహం వంక కాసేపు చూసి, అన్నం వడ్డించింది. తాలింపు మాడిన పప్పు కలుపుకుని ఇద్దరూ తిన్నారు.