మోచెయ్యి

“మా ఇందుని సదువుకోమని పంపేను మేడం. గుడ్డిపిల్లకి కర్రలా తిరగమని కాదు.”

త్రినాధరావు కుర్చీ చూపించినా కూర్చోలేదు. అనకాపల్లి మార్కెట్‌లో బెల్లం దిమ్మలు దింపి, మాసిన చొక్కాతోనే బడికి వచ్చాడు. ఎదురుగా ఆ చూపులేని పిల్ల గౌసియా తల్లి, గాజుల కొట్టు అజ్మతున్నీసా కొంగు నలుపుకుంటోంది.

హెడ్మిస్ట్రెస్ రాజశ్రీ నెమ్మదిగా అంది. “చూపులేని పిల్ల కూడా అందరితో కలిసే చదవాలండీ. తోడెళ్లడం పిల్లలందరికీ నేర్పాం. నడిపించేవాళ్లు ముందుంటారు. రెండోవాళ్లు వాళ్ల మోచెయ్యి పట్టుకుంటారు. అంతే.”

“ఆ తోడు మా పిల్లే ఎందుకవ్వాల? లెక్కల్లో పాతిక్కి ఎనిమిది! బోర్డు మీదది టీచరు పైకి సదవాలంట. ఒక్కదాని కోసం క్లాసంతా ఆగాలేటి?”

“పైకి చదవమని అడిగేది మీ ఇందూనేనండీ.”

“సూసేరా! దానికి నౌకరీ సేత్తంది. ఇంటికొచ్చినా ద్యాస ఇక్కడే. నిన్న రాత్రి అన్నం గిన్నె తన్నీసింది. రెండు పీకేను.”

అజాగ్రత్త అంటే అతనికి ఒళ్లు మంట. మూడేళ్ల కిందట, మునిమాపు వేళ, ఇందు తల్లి పొలంలోని నేలబావిలో పడి చనిపోయింది. రోజూ నడిచే దారే. ‘కళ్లెక్కడ పెట్టుకున్నావే’ అని శవాన్నే తిట్టాడు. ఇప్పటికీ క్షమించలేదు.

“సీటు మార్చండి. లేదంటే మా పిల్ల టీసీ ఇచ్చీండి.”

అజ్మతున్నీసా లేచింది. “ఒద్దు మేడం. మా గౌసియానే వేరే బెంచీలో కూకోబెట్టండి. ఒక్కతే తిరుగుతాది. మెట్లన్నీ దానికి లెక్కే. మావల్ల మీ పిల్లకి కష్టం ఒద్దన్నా.”

“ఆ ముక్క ముందే అంటే సరిపోయేది కదా.”

ఇంటి గంట కొట్టారు.

బయట మబ్బు పట్టింది. కరెంటు పోయింది. ఆ మసకలోనే పిల్లలంతా గోల చేస్తూ మెట్లు దూకేశారు. చివరికి పైమెట్టు మీద ఇద్దరు మిగిలారు.

“ఇందూ! దాని మోచెయ్యి వదిలీ!” కిందనుంచి అరిచాడు త్రినాధరావు.

ఇందు వదల్లేదు.

“వదుల్తావా, పైకి రమ్మంటావా?”

వదిలింది. గౌసియా కర్ర తట్టుకుంటూ, లెక్కపెట్టుకుంటూ పన్నెండు మెట్లూ దిగి తల్లిని చేరుకుంది.

“నువ్వేటే, దిగవేటి?”

ఇందు ఒక కాలు గాలిలో చాపి, మెట్టు కోసం తడుముతోంది.