ఎర్ర చుక్క

ఎర్ర చుక్క ఒక్కసారి మిణుకుమని ఆరిపోయింది.

ధనశేఖర్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసి కళ్ళు మూసుకున్నాడు. ఇంకో డయోడ్ చచ్చింది. కరెంటు వెంట్రుకవాసి ఎక్కువైనా అవి అంతే.

హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో అతను పనిచేసే కంపెనీ మూతపడి ఏడాది దాటింది. పెళ్ళాం నళిని గార్మెంట్స్‌లో కుట్టుపనికి పోతోంది. ఇతను బస్టాండు వెనక టీవీలు బాగుచేసే అంగడి పెట్టాడు. పాత టీవీ బాగుచేయించుకునే ఓపిక ఎవరికీ లేదు.

అందుకే ఈ మిషన్ మొదలుపెట్టాడు. పాడైన డీవీడీ రైటర్లలోంచి లేజర్ డయోడ్లు ఊడదీసి, పాత ప్రింటర్ పట్టాల మీద నడిపించి, ఆ వెలుగుతో కొయ్యను కాల్చి పేర్లు చెక్కాలని.

"లోపలికి రావచ్చునా అప్పా?"

గడపలో ఎవరో ముసలాయన. చంకలో సంచి.

"నువ్వు ఇవి వెతుకుతా ఉండావని టీ అంగట్లో విన్నాను. పాత సామాన్లు కొనే గుజిరీ వాని అంగట్లో కనిపించినాయి."

సంచిలో రెండు డీవీడీ రైటర్లు!

"ఏమియ్యాల తాతా?"

"పారేసిండే దానికి ఏమిస్తావు? పెట్టుకో."

మళ్ళీ వచ్చాడు. మళ్ళీ తెచ్చాడు. స్టూలు మీద కూర్చుని చూసేవాడు. ధనశేఖర్‌కి మాట్లాడే ఓపిక ఉండేది కాదు.

"ఇది ఏమి చేస్తాదప్పా?" అని ఒకరోజు అడిగాడు.

"కొయ్య మీద పేర్లు చెక్కుతాది. ఇంటి బోర్డులు, అంగడి బోర్డులు."

"చేత్తో చెక్కినట్లేనా?"

"ఇంక చెయ్యి ఎందుకు తాతా? పొద్దున పెడితే మధ్యాన్నానికి బోర్డు అయిపోతాది."

ముసలాయన చాలాసేపు ఆ పట్టాలను చూశాడు.

"అట్లనా," అని లేచి వెళ్ళిపోయాడు.

ఇక రాడనుకున్నాడు ధనశేఖర్. వచ్చాడు. ఈసారి సంచి ఇంకా బరువుగా ఉంది.

ఒక డయోడ్ వెలుగుకి కొయ్య కమిలేది, అంతే. రెండింటి వెలుగునూ ఒకటి చెయ్యాలి. ఒకటి ఎదురుగా, ఒకటి పక్కనుంచి, రెండూ చిన్న గాజు దిమ్మెలోకి పోయి ఒకే చుక్కగా బయటికి రావాలి. అవి కలిసేవి కావు. ఎంత సర్దినా రెండు చుక్కలు పక్కపక్కనే, మాటల్లేని మొగుడూ పెళ్ళాల్లా.

ఒకనాడు విసుగు ముసలాయన మీదికి మళ్ళింది.

"తాతా, ఊరికే ఈడ కూర్చుంటే నా పని సాగదు. ఇంటికి పో."

ముసలాయన ఖాళీ సంచి మడిచి పట్టుకుని వెళ్ళాడు.

ఆ సాయంత్రమే చుక్కలు కలిశాయి. కొయ్య మీంచి సన్నగా పొగ లేచింది. ధనశేఖర్ ఎవరికో చూపించాలని తల తిప్పాడు. స్టూలు ఖాళీగా ఉంది.

ముసలాయన మళ్ళీ రాలేదు. వెతుకుదామనుకున్నాడు. పేరేమిటో, ఊరేదో ఎప్పుడూ అడగలేదు.

తర్వాత పనులు ముంచెత్తాయి.

"రాయకోట రోడ్డులో చేత్తో చెక్కే ఆయన వారం తిప్పుతాడప్పా. నువ్వే మేలు," అంటూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. నళిని కుట్టుపని మానేసింది. కొన్నాళ్ళకు రాయకోట రోడ్డు అంగడి మూసేశారని ఎవరో చెప్పారు.

"పాపం," అని ధనశేఖర్ ఇంకో పలక బిగించాడు.

ఒక మధ్యాహ్నం అంగడి ముందు ఆటో ఆగింది. దాని నిండా టేకు పలకలు. పక్కన ఒక పెద్దావిడ.

"ధనశేఖర్ అంటే నువ్వేనా అప్పా? నా పేరు అంజనమ్మ. మా ఇంటాయన పోయినాడు. పోయేముందర ఈ పలకలు నీకిమ్మన్నాడు."

"నాకా? ఎవరమ్మా మీ ఇంటాయన?"

"నీకు పాత సామాన్లు ఎత్తుకొస్తా ఉండె గదప్పా."

ధనశేఖర్ పలక మీద చెయ్యి పెట్టాడు. ఏళ్ళ తరబడి నీడలో ఆరిన చెక్క.

"ఆయన నాకెందుకమ్మా అంత చేసినాడు?"

"నేనూ అడిగి కొట్లాడినాను. 'కొలువు పోయినోనికి ఒక పని కావాల, మనకి పొద్దు వాలింది' అన్నాడు."

"ఇంత మంచి టేకు... ఏం చేస్తా ఉండె ఆయన?"

అంజనమ్మ అతనికేసి వింతగా చూసింది.

"నీకు తెలీదా? రాయకోట రోడ్డులో పేర్లు చెక్కే జయరామప్ప అంటే ఆయనే గదప్పా."