చేప రెండో వైపు

ఇరవై ఏళ్లుగా యూలాంగ్ నది మీద నా వెదురు తెప్పలో టూరిస్టుల్ని తిప్పుతున్నాను. వాళ్లు కూర్చునే కుర్చీలో నా భార్య సుయ్‌లాన్ కూర్చోవడం మాత్రం ఇదే మొదటిసారి. వరదలో మా కొడుకు తెప్పతో సహా కొట్టుకుపోయి ఇవాళ్టికి నాలుగో రోజు.

"గడ వేస్తున్నావా, గంజి కలుపుతున్నావా? ఆ పొదల దగ్గరికి పోనియ్!" అని పొద్దుటి నుంచీ తిడుతూనే ఉంది.

ప్రతి పొదా వెతికాం. గొంతులు పోయేదాకా పిలిచాం.

మధ్యాహ్నం బతిమాలితే అన్నం మూట విప్పింది. అల్లం వేసి ఉడికించిన చేప తెచ్చింది. ఇద్దరం పైవైపు తిన్నాం. తెప్ప నడిపే ఇళ్లలో చేపను తిరగెయ్యరు. తిరగేస్తే నది మీదున్న మనిషి తెప్ప తిరగబడుతుందంటారు. నడిముల్లు పైకి లాగేసి, కిందివైపు అలాగే తింటాం. కొడుకు తెప్ప పనికి దిగిన రోజు నుంచీ సుయ్‌లాన్ ఈ పట్టింపు ఒక్క పూట కూడా తప్పలేదు.

"వాడికి ఈత వచ్చు. ఏ చెట్టునో పట్టుకుని ఉంటాడు. తొందరగా తిను, పోదాం," అన్నాను.

ఆమె తినే పుల్లలు చేప కిందికి పోనిచ్చి, మెల్లగా తిరగేసింది.

"ఏయ్! మతి పోయిందా నీకు?" అని అరిచాను.

కిందివైపు కండ తీసి నా గిన్నెలో పెట్టింది.

"తినయ్యా. ఆ రోజు వాడు వేసుకెళ్లిన లైఫ్ జాకెట్ నీకు దొరికింది, నీ టార్పాలిన్ కింద దాచావు. తెప్ప ఎక్కేటప్పుడే చూశాను. కోపం వస్తేనైనా నోరు విప్పుతావేమోనని పొద్దుటి నుంచీ తిడుతున్నాను."